రేడియో పెట్టె మీద నీళ్లమచ్చ

తెల్లమచ్చ పోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. నా చేతి గడియారంలో చూసుకున్నాను.

కోరుట్లలో బస్టాండు వెనక సందులో ఒక వడ్రంగి దుకాణం. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో నేను కూర్చున్నాను. ఎదుట బల్ల మీద మా పాత రేడియో పెట్టె. లోపలి యంత్రం ఎప్పుడో పాడైపోయింది. పెట్టె మాత్రం జగిత్యాలలో మా తమ్ముడి ఇంట్లో, అటక మీద పాతబట్టల కింద ఇన్నేళ్లూ ఉండిపోయింది. తమ్ముడి కోడలు దాన్ని హాల్లో పెట్టుకుంటానని, మంచి రంగు వేయించమని అడిగింది. రంగు వద్దు, దాని అసలు మెరుపే దానికి తెప్పిద్దామని చెప్పాను. జగిత్యాలలో నలుగురిని అడిగాను. నలుగురూ మిషనుతో రంగు చల్లుతామన్నారు. ఐదోవాడు కోరుట్లలో దొరికాడు.

అతను ముందు పెట్టె అడుగున, కనిపించని చోట, ఒక చుక్క స్పిరిట్ వేసి వేలితో రుద్దాడు. వేలికి ఎర్రగా అంటుకుంది.

"లక్కనే మేడం. అసలు పాలిష్ ఇంక బతికే ఉన్నది."

తర్వాత పైపలక మీది మచ్చను వంగి చూశాడు. అరచేయి వెడల్పున, అంచులు తెల్లగా, సున్నం చల్లినట్టు ఉంటుంది ఆ మచ్చ.

"గిది నీళ్లమచ్చ. పాలిష్ పచ్చిగున్నప్పుడు తడిగుడ్డ వెట్టిండ్రు ఎవరో."

"పోతదా?"

"ఎందుకు పోదు?"

దూదిని పాత పంచెగుడ్డలో చుట్టిన ఉండను స్పిరిట్‌లో ముంచి, బాగా పిండి, మచ్చ మీద తగిలీ తగలనట్టు తిప్పడం మొదలుపెట్టాడు. తెలుపు అంచుల నుంచి సన్నబడుతూ వచ్చింది. కింద నుంచి చెక్క ఎరుపు తేలింది. చేయి తీసి, గుడ్డ పక్కన పెట్టి, "గిన్నేండ్లు ఎందుకుంచుకున్నరు మేడం దీన్ని? గంట పని గూడ గాదు," అన్నాడు.

ఇదే మచ్చ ముందు నిలబడి, ఒక్క గంట ఇవ్వమని ఒక మనిషి మా నాన్నను అడిగాడు. మేము ఇవ్వలేదు. ఆ తేదీ, వారం నా దగ్గర రాసి ఉన్నాయి. ఇక్కడ పెట్టను. ఆయన మనవలు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నారు, మా వాళ్లూ ఉన్నారు.

అప్పుడు నాకు పన్నెండేళ్లు నిండి నాలుగు నెలలు. మా ఊరు మేడిపల్లికీ కోరుట్లకూ నడుమ ఉండేది. ఊళ్లో మాది పెద్ద ఇల్లు. నాన్నను అందరూ దొర అనేవారు. ఆ సంవత్సరం అనేవాళ్లు తగ్గారు. ఊరి మొదట్లో ఎర్రజెండా లేచింది. సంఘం వచ్చిందన్నారు. దొర ఇంటి వెట్టిపనికి ఎవరూ పోవద్దని సంఘం చెప్పింది, ఎవరూ రాలేదు. చాకలి రాలేదు, మంగలి రాలేదు. జీతగాళ్లు ఏడుగురిలో ఆరుగురు నెలలోపల మానేశారు, ఏడోవాడు ముసలివాడు గనుక ఉన్నాడు. మా నాయనమ్మ తన చీర తాను ఉతుక్కున్న మొదటి ఏడాది అదే. సబ్బు చేతిలోంచి జారి బావిలో పడితే బావిలోకి వంగి చూసి, "గీ సబ్బు గూడ సంగంల గలిసింది, చెప్తె ఇంటలేదు," అంది.

అమ్మ తమ్ముడిని తీసుకుని అప్పటికే జగిత్యాల వెళ్లిపోయింది. అక్కడ నాన్న కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. అమ్మకు తమ్ముడైన మా మామ దగ్గరుండి చూస్తున్నాడు. నా ఏడో తరగతి పరీక్షలు అయ్యేదాకా నేను, నాన్న, నాయనమ్మ ఊళ్లో ఉండాలనీ, తర్వాత ఇంటికి తాళం పెట్టి వెళ్లిపోవాలనీ ఏర్పాటు.

పసుపు ఉడకబెట్టే రోజులు. ఊళ్లో ఏ దిక్కుకు తిరిగినా ఆ వాసనే. పెద్ద కడాయిల్లో కొమ్ములు ఉడుకుతుంటే మట్టి వాసన, పచ్చి ఘాటు, కింద మండే ఎండాకుల పొగ, మూడూ కలిసి ముక్కులో కూర్చునేవి. ప్రతి సంవత్సరం అన్నిటికంటే పెద్ద పొయ్యి మాదే. ఆ సంవత్సరం మా పసుపు భూమిలోనే ఉండిపోయింది, తవ్వడానికి మనుషులు రాలేదు. నాయనమ్మ పెరట్లో నిలబడి గాలి పీల్చి, ఇది ఎవరి కడాయి వాసనో, వాళ్లు కొమ్ములు ఎంత పచ్చిగా దించేస్తున్నారో చెప్పేది. "పని తెల్వదు, జెండా మాత్రం వట్టుకుంటరు," అనేది. మధ్యాహ్నం నాకు సర్వపిండి చేసి పెట్టేది. గిన్నె అంచుకు అంటుకున్న కరకర ముక్క ఎవరికని గొడవపడటానికి తమ్ముడు లేడు. మొత్తం నాకే. అయినా రుచి తగ్గింది.

రేడియో మా తాత తెప్పించినది. నిలువుగా నా మోకాలు దాటి ఉండేది. ముందు బంగారు రంగు జాలిగుడ్డ, కింద నాలుగు గుబ్బలు, చుట్టూ పల్చని విదేశీ చెక్క తొడుగు. దాని జాగా అరుగు మీద. సాయంత్రం వార్తల వేళకు ఊళ్లోవాళ్లు వచ్చి వాకిట్లో కింద కూర్చునేవారు. నేను లెక్కపెట్టేదాన్ని. పనుల్లేని రోజుల్లో నలభై దాటేవారు. నాన్న గుబ్బ తిప్పితే అందరి ముఖాలు ఒకేసారి పైకి లేచేవి. ఆ సంవత్సరం ఒక్కరూ రాలేదు. సంఘంవాళ్ల దగ్గర తోలుసంచీలో చిన్న రేడియో ఉందని, దాని చుట్టూ అందరూ సమానంగా కూర్చుంటున్నారని ముసలి జీతగాడు చెప్పాడు. నాన్న అరుగు మీద కూర్చోవడం మానేశాడు. రేడియోను లోపల నడిమింట్లోకి మార్చాలన్నాడు. నడిమింటికి ఆనుకునే దేవుని అర్ర, పూజగది.

పెట్టె అప్పటికి పాడై ఉంది. ఎండకు, దుమ్ముకు, బీడీ పొగకు నల్లబడి, చేయి పెడితే జిగటగా తగిలేది. దాన్ని బాగుచేయడానికి కోరుట్ల నుంచి పాలిష్ మిస్త్రీ వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. తెల్ల లాల్చీ, కుడిచేతి వేళ్లు ఐదూ లక్కరంగులో, గోళ్లు కూడా. ఇంట్లో అందరూ సాయిబు అనేవారు. నేనూ అలాగే, నువ్వు అనే పిలిచేదాన్ని. మా ఇంట్లో పిల్లలకు అదే నేర్పు.

నాన్న గడపలో నిలబడి చెప్పాడు.

"సాయిబూ, జగిత్యాలల ఇల్లు లేస్తున్నది. తలుపులు, కిటికీలు, అల్మారీలు అన్ని టేకే. ముందుగాల గీ పెట్టె చేసి సూపియ్యి. దీంట్ల నా మొఖం కనవడితే ఇంటి పనంత నీదే."

"మొఖమేంది దొరా, మీసాలు గూడ లెక్కవెట్టుకోవచ్చు."

నాన్న నవ్వాడు. ఆ సంవత్సరం ఆయన నవ్విన సందర్భాలు తక్కువ గనుక గుర్తుంది.

కొత్త ఇంటి పటం నేను చూశాను. తొమ్మిది తలుపులు, పద్దెనిమిది కిటికీలు, నాలుగు అల్మారీలు. మొత్తం ముప్పై ఒకటి. పశువుల కొట్టం పక్కన నీడలో మిస్త్రీ పని మొదలుపెట్టిన రోజే ఈ లెక్క ఆయనకు చెప్పాను. వేళ్ల గణుపుల మీద బొటనవేలు నడిపి, "ఏడాదిన్నర పని," అన్నాడు. చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు.

"దొరలందరు ఊర్లిడిసి పోతున్నరు బేటీ. పాలిష్ ఎవరు చేపిచ్చుకుంటరు ఇగ? మా బామ్మర్ది సిరిసిల్లల మగ్గాలకాడ ఉన్నడు, రమ్మంటున్నడు. నాకా చప్పుడు వడదు. గీ ముప్పైయొక్కటి నాకు దొరికితే కోరుట్లనే ఉంట. దొరకకుంటే సిరిసిల్ల."

ఎవరూ లేనప్పుడు బేటీ అనేవాడు. నాన్నో నాయనమ్మో వినేంత దగ్గరుంటే చిన్న దొరసాని. నేను రెండింటికీ పలికేదాన్ని.

పరీక్షలకు చదువుకోమని ఇచ్చిన లెక్కల పుస్తకం వెనక పేజీల్లో ఆయన పనంతా రాశాను. మొదటి రెండు రోజులు కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తుడవడమే. పాత పాలిష్ గీకేస్తే తొందరగా అవుతుంది కదా అన్నాను.

"గీకితే చెక్క వోతది. గీ తొడుగు ఉల్లిపొర అంత. పాత పాలిష్ సచ్చిపోలేదు, పండుకున్నది. స్పిరిట్ తోని మెల్లగ లేపాలె. లేచినంక దాని మీద కొత్తది కూసుంటది."

లక్క పెంకులు సీసాలో స్పిరిట్ పోసి రాత్రి నానబెట్టేవాడు. పొద్దున సీసా ఎండకు ఎత్తి చూస్తే చిక్కటి తేనె. దాన్ని వడగట్టి, గుడ్డ ఉండకు పట్టించి, మీద ఒక్క చుక్క అవిసెనూనె వేసి రుద్దేవాడు. ముందు చుట్లు, తర్వాత ఎనిమిది అంకెలు, చివర తిన్నగా గీతలు. ఎక్కడా చేయి ఆగకూడదు. ఆగితే అక్కడ గుడ్డ అతుక్కుని పాలిష్ లేచిపోతుంది. ఎనిమిది అంకె నేను నేల మీద వేలితో రాసి, మధ్యలో ఆగకుండా ఎన్నిసార్లు తిప్పగలనో చూసేదాన్ని. అరవై దాటలేదు ఎప్పుడూ.

"లెక్క నువ్వు వెట్టు, చెయ్యి నేను వెడ్త," అనేవాడు. రోజుకు నాలుగు పూతలు, పదకొండు రోజులు. నలభై నాలుగు.

పూతల మూడో రోజు ఆయన నమాజుకు పక్కకు వెళ్లినప్పుడు, ఆరిందో లేదో చూద్దామని పైపలక మీద వేలు పెట్టాను. ముద్ర దిగిపోయింది. తిరిగొచ్చి చూసి, నా వేలు పట్టుకుని ఆ ముద్ర పక్కన పెట్టి సరిపోల్చాడు.

"దొంగ దొరికిండు. పోలీసోళ్లకు పట్టియ్యాల్నా? మేడిపల్లి తొవ్వల మస్తుమంది ఉన్నరు."

నాకు ఏడుపొచ్చింది. అది చూసి నవ్వి, గుడ్డ ఒక్కసారి తిప్పి ముద్ర మాయం చేశాడు.

ఆయనకు మా ఇంట్లో చాయ వేరే గాజుగ్లాసులో పోసేవారు. ఆ గ్లాసు కొట్టం గోడ గూట్లో ఉండేది. తాగి, ఆయనే కడిగి, ఆయనే గూట్లో పెట్టేవాడు. అన్నం తెచ్చుకునేవాడు. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు, ఒక శుక్రవారం వాళ్లావిడ చేసిన సేమ్యా పాయసం. కొట్టం వెనక ఆయన రొట్టెలో నేను మూడుసార్లు తిన్నాను. నాయనమ్మకు తెలిస్తే తల మీద నుంచి నీళ్లు కుమ్మరించేది. ఆ భయం వల్లనేమో, ఆ తొక్కు రుచి నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

పూతల పదకొండో రోజు సాయంత్రం పెట్టె పైపలకలో కొట్టం వాసాలు కనిపించాయి. నేను వంగితే నా రెండు జడలూ కనిపించాయి. మిస్త్రీ తెల్లగుడ్డ కప్పి, నా పుస్తకం మూయకముందే చెప్పాడు.

"రాస్కో. ఇగ నెల దాక దీనికి నీళ్లు సోకొద్దు. తడిచెయ్యి గూడ వద్దు. పైకి ఆరినట్టు కనవడుతది గని లోపట పచ్చిగనే ఉంటది."

రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను. నాలుగు రోజుల తర్వాత మామ వస్తాడు, ఆ రోజు మిస్త్రీ కూడా వచ్చి అందరి ముందు గుడ్డ తీసి చూపిస్తాడు, ఇంటి పని అక్కడే ఖాయమవుతుంది.

ఆ తర్వాత మూడో రోజు నాన్న మామను తీసుకురావడానికి జగిత్యాల వెళ్లాడు. నాయనమ్మ స్నానం చేసి, మడిచీర కట్టుకుని, ఇత్తడి చెంబులో పసుపునీళ్లు కలిపి కొట్టం దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. గుంజ దగ్గరే నిలబడింది.

"రేపు పెట్టె నడిమింట్లకు తెస్తరు. దేవుని అర్ర పక్కపొంటి. సాయిబు పదిహేను దినాలు ముట్టిండు దాన్ని. ఇగో, మూడుసార్లు తుడువు."

"నీళ్లు సోకొద్దని చెప్పిండు నాయనమ్మా. నెల దాక."

"ఎవడు చెప్పిండు?"

"సాయిబే."

"వాడు ముట్టిందాన్ని కడుగుతమని వానికి తెల్వదా? అందుకే చెప్పి ఉంటడు. అయినా గివి నీళ్లా? పసుపే గిది. పసుపు సోకి ఖరాబైంది ఏదన్న ఉన్నదా లోకంల?"

నా పుస్తకం లోపల ఉంది. తెచ్చి ఆ గీత గీసిన మాట చూపించవచ్చు. నాయనమ్మకు చదువు రాదు. చదివి వినిపించవచ్చు. అవేమీ చేయలేదు. గుడ్డ తడిపి పైపలక మీద మూడుసార్లు, పక్కలకు మూడేసిసార్లు తుడిచాను. ఏ పని చెప్పినా సరిగ్గా లెక్క ప్రకారం చేసేదాన్నని ఇంట్లో నాకు పేరు. అప్పుడే నాయనమ్మ అన్నానికి పిలిచింది. తడిగుడ్డ మడిచి పైపలక మీద పెట్టి వెళ్లాను. అన్నం తిని, నాయనమ్మ పక్కన ఒరిగి, నిద్రపోయాను. లేచి వెళ్లేసరికి నాలుగు గంటలు గడిచాయి. గుడ్డ తీస్తే కింద తెల్లగా ఉంది. ఆరితే పోతుందనుకున్నాను. మిస్త్రీ కప్పిన తెల్లగుడ్డను మళ్లీ పైన కప్పేశాను.

తెల్లారి అందరూ కొట్టం ముందు నిలబడ్డారు. నాన్న, మామ, పెరటి గుమ్మం చాటున నాయనమ్మ. మిస్త్రీ ఉతికిన లాల్చీ వేసుకుని, గడ్డం దువ్వుకుని వచ్చాడు. "రా దొరా, దగ్గరికి రా, మొఖం జూస్కో," అంటూ గుడ్డ రెండు కొసలూ పట్టుకుని ఎత్తాడు.

పైపలక మీద అరచేయి వెడల్పున తెల్లమచ్చ.

"ఏందిది?" అన్నాడు నాన్న.

మిస్త్రీ వంగాడు. మచ్చ మీద గోరు పెట్టి చూశాడు. తర్వాత పలక అంచున చెక్కుడు పట్టీ దగ్గర కన్ను ఆనించి చూశాడు. ఆ సందులో సన్నగా పసుపు గీత ఉంది, నేనూ అప్పుడే చూశాను. ఆయన వేలితో దాన్ని తీసి, వాసన చూసి, లాల్చీకి తుడుచుకున్నాడు. లేచి గుమ్మం వైపు చూశాడు. తర్వాత నా వైపు.

"దొరా, నాకు ఒక్క గంట టైమియ్యి. దీన్ని తీస్త."

మామ ముందుకొచ్చాడు. "గంటల ఏం తీస్తవ్? బావా, స్పిరిట్ల నీళ్లు కలిపిండు గీయన. అందుకే తెల్లవడ్డది. జగిత్యాల ఇంటికి గిదే జేత్తడు."

"నేను నీళ్లు కలపలే."

"మరెవరు కలిపిండ్రు?"

ఆయన నోరు తెరిచాడు. ఇప్పుడు చెప్పేస్తాడనుకున్నాను. చెప్పలేదు.

నాన్న అరవలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో గొంతులు బయటికి వినబడకుండా మాట్లాడటం అలవాటైంది. సంఘం చెవిలో పడుతుందని భయం. తగ్గిన గొంతుతోనే అన్నాడు.

"పో సాయిబూ. పెట్టెను మల్ల ముట్టకు. ఇంటి పనికి వేరేటోన్ని సూస్కుంటం."

"ఒక్క గంట, దొరా."

"పో."

మిస్త్రీ సీసా, గుడ్డలు, నూనె డబ్బా సంచిలో సర్దుకున్నాడు. గూట్లోని గాజుగ్లాసును తీసి, ఏదో ఆలోచించి, మళ్లీ అక్కడే పెట్టేశాడు. నా పక్క నుంచే వెళ్లాడు. నేను లెక్కల పుస్తకం రెండు చేతులతో పొట్టకు పట్టుకుని నిలబడ్డాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మధ్యాహ్నం నాయనమ్మ నా తలకు నూనె రాస్తూ, "సూసినవా? పసుపు సోకంగనె వాని మోసం బయటపడ్డది," అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. నిజంగానే అలా నమ్మింది. చనిపోయేదాకా నమ్మింది.

పరీక్షలు అయ్యాక జగిత్యాల వెళ్లిపోయాం. పాలిష్ చేసేవాడు ఇంకొకడు దొరకలేదు. కట్టినవాళ్లే తలుపులన్నిటికీ ఆకుపచ్చ పెయింటు వేశారు. రేడియో సామాన్ల గదిలో అటక మీదికి పోయింది. ఊళ్లో మా ఇంటి మీద ఎర్రజెండా ఎగిరిందని విన్నాం. నాన్న ఆ ఊరి పేరు ఎత్తడం మానేశాడు.

పన్నెండేళ్ల తర్వాత, నేను లెక్కల టీచరుగా కుదిరిన రెండో సంవత్సరం, పరీక్షల పనికి సిరిసిల్ల వేశారు. తొమ్మిది రోజులు. ఆరో రోజు మధ్యాహ్నం బయల్దేరి, కోరుట్ల నుంచి వచ్చిన పాలిష్ మిస్త్రీ ఎవరైనా ఉన్నారా అని అడుగుతూ వెళ్లాను. నాలుగో వీధిలో చెప్పారు. వీధి పొడుగునా మరమగ్గాల చప్పుడు, పళ్ల మూలాల్లో తెలిసేంత. ఒక రేకుల షెడ్డు వెనక, గోడవారన కూర్చుని ఆయన కండెలకు నూలు చుట్టుతున్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. వేళ్లకు లక్క రంగు లేదు.

ఎవరినో చెప్పాను. రాట్నం ఆపకుండా నా ముఖంలోకి చూశాడు.

"చిన్న దొరసాని," అన్నాడు. బేటీ అనలేదు.

జీవితంలో మొదటిసారి ఆయన్ను మీరు అన్నాను. "బాగున్నరా మీరు?"

"ఉన్న. చప్పుడు అలవాటైంది. ఇప్పుడది లేకుంటే నిద్ర వడ్తలేదు." రాట్నం తిప్పుతూనే అడిగాడు. "మీ ఇంటి తలుపులకు పాలిష్ ఎవరు చేసిండ్రు?"

"పెయింటు ఏసిండ్రు."

"టేకు మీద పెయింటా?" రాట్నం ఆగింది. "ఏం రంగు?"

"ఆకుపచ్చ."

ఆయన తల అడ్డంగా ఊపి, తనలో తాను నవ్వుకున్నాడు. ఎవరింట్లోనో చెడ్డకబురు విన్నప్పుడు చేసినట్టు నాలుకతో చప్పుడు చేశాడు.

ఇక ఆపుకోలేక చెప్పాను. "ఆ రోజు తడిగుడ్డ వెట్టింది నేనే. నాయనమ్మ తుడువుమన్నది. పసుపునీళ్లు."

"తెలుసు. పట్టీల పసుపున్నది గద."

"మరి చెప్పలేదేంది? నాకు దెబ్బలు వడ్తయనా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. ఆ మాట ఆయనకు ఎప్పుడూ తట్టలేదని ఆ చూపులోనే తెలిసింది.

"నీకు దెబ్బలా? గదేం గాదమ్మా. సంగపోళ్లు కోరుట్లల మా ఇంటికే అచ్చిండ్రు. ఏం జరిగింది సాయిబ్, చెప్పు, దొరను పంచాయితిల నిలవెడ్తం అన్నరు. ఏం చెప్పాలె? పని ఖరాబైందంటే సిగ్గేం లేదు, మల్ల జేత్త. నేను ముట్టిన పెట్టెను పసుపునీళ్లతోని కడిగిండ్రని పదిమందిల చెప్పాల్నా? నా పెండ్లాంపిల్లలు ఇంటరు. గది నా నోటితోని ఎట్లంట?"

పన్నెండేళ్లు నేను ఇంకో కథ చెప్పుకుని నిద్రపోయాను. ఒక మంచి మనిషి చిన్నపిల్లను కాపాడటానికి ఊరుకున్నాడని. ఆ కథలో నాకు కూడా కొంచెం మంచి చోటు ఉండేది.

"నాయినకు చెప్త," అన్నాను.

"చెప్తవా?" ఆయన రాట్నం పక్కకు జరిపి నా వైపు పూర్తిగా తిరిగాడు. "చెప్పు బేటీ. మీ మామ కోరుట్లల దుకాండ్లన్ని తిరిగి చెప్పిండు, నేను లక్కల నీళ్లు కలుపుతనని. గా మాట మీదనే పనులన్ని వోయినయ్. మీ నాయిన నోట ఒక్క మాటస్తే చాలు, మల్ల పోత కోరుట్లకు. పిల్లలు పెద్దగయిండ్రు, ఇగ నాకు గీడేం పని? చెయ్యి ఇంక ఆడుతది, సూడు."

కుడిచేయి గాలిలో ఎత్తి తిప్పాడు. చుట్లు, ఎనిమిది అంకె, తిన్నని గీత. ఎక్కడా ఆగలేదు.

"ఆదివారం ఇంటికి పోత. పోంగనె చెప్త," అన్నాను.

వాళ్లావిడను పిలిచి చాయ పెట్టించాడు. మంచి గ్లాసు ఏరి, రెండుసార్లు కడిగి, నాకు ఇచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చేరాను. నాన్న ముందుగదిలో పడక కుర్చీలో ఉన్నాడు. ఆరోగ్యంగానే ఉన్నాడు, చెప్పకపోవడానికి ఆ సాకు కూడా లేదు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఎట్లున్నది సిరిసిల్ల?"

"మంచిగున్నది."

"మనోళ్లెవరన్న కలిసిండ్రా?"

"ఎవరు కలవలే."

ఆ తర్వాత నాన్న తొమ్మిదేళ్ల నాలుగు నెలలు బతికాడు. మిస్త్రీ ఆయనకంటే ముందే పోయాడు, సిరిసిల్లలోనే. నేను కలిసి వచ్చాక ఐదో సంవత్సరం. ఆ ఐదేళ్లలో సిరిసిల్ల పని మళ్లీ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ వేరేవాళ్లతో మార్చుకున్నాను.

ఎందుకు చెప్పలేదని ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే, తిడతాడనే భయం కాదది. నాన్న నన్ను ఎన్నడూ పెద్దగా తిట్టలేదు. నేను మొత్తం చెప్పాక, ఆయన పేపరు మళ్లీ చేతికి తీసుకుని, "అయితే ఏంది? మీ నాయనమ్మ చేసిన దాంట్ల తప్పేమున్నది?" అంటాడేమోనని భయపడ్డాను. అలా అనేవాడో కాదో నాకు తెలియదు. అడిగితే తెలిసేది. ఆ మాట విన్న తర్వాత కూడా, ఆ పూట ఆయన కంచం ముందు కూర్చుని వడ్డించాల్సింది నేనే. రెండూ ఒకే రోజు చేసే ధైర్యం నాకు లేకపోయింది.

లోపలికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, నాన్నకు అన్నం వడ్డించాను.